మూడో లోడు

1998 ఏప్రిల్ తొమ్మిది, గురువారం. మాధవీలత ఆఫీసుకు సెలవు పెట్టింది. చీటీలో కారణం దగ్గర ‘ఇంటి పని’ అని రాసింది. ఇంటి పని అంటే చెరువులో వల లాగడం.

ఎండాకాలం మొదట్లో శామీర్‌పేట చెరువు నీళ్లు వెనక్కి తగ్గుతాయి. అప్పుడు చేపలు పట్టే ఇళ్లవాళ్లందరూ కలిసి ఏడాదికి ఒక్కసారి పెద్దవల దించుతారు. ఇంటికి ఒక మగమనిషి తాడు పట్టాలి. పొద్దు పొడవకముందే నీళ్లలో దిగితే మధ్యాహ్నం దాటేదాకా గట్టెక్కకూడదు. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి పేర్లు పిలుస్తారు. రెండుసార్లూ పలికిన ఇంటికే ఆ ఏడు వాటా. రోగమనీ చావనీ ఎవరూ సాకు చెప్పరు. చెప్పినా వినేవాళ్లు లేరు. ఊరి నుంచి మేడ్చల్ ఫ్యాక్టరీలకు పోయే మగవాళ్లు ఆ ఒక్కరోజు పనికి పోరు.

మాధవీలత తండ్రి ఎంకయ్య నెల కిందట సైకిల్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతనికి కొడుకులు లేరు. ఈ ఏడు మన వాటా పోయినట్టే అని మంచం మీద నుంచి అన్నాడు. ఆ పొద్దున ఆమె చీర మీద తండ్రి చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, నీళ్లలో దిగింది.

పేర్లు పిలిచే శంకరయ్య సంఘం పెద్ద. డెబ్బై ఏళ్లు ఉంటాయి. గట్టు మీద నుంచి చూశాడు.

“ఏందే ఎంకయ్య బిడ్డా, నీళ్లల్ల దిగినవ్? గిది ఆఫీసు అనుకున్నవా?”

“ఆఫీసుల అయితే కుర్చీ ఉంటది తాతా. ఈడ అది గూడ లేదు.”

నీళ్లలో ఉన్నవాళ్లు నవ్వారు.

“ఎక్కు, ఎక్కు. ఆడిమనిషి చెయ్యి లెక్కకు రాదు. రేపు ఇంకో ఇంటికి పొయ్యేదానివి.”

“పొయ్యిననాడు అడుగు. ఇయ్యాల ఎంకయ్య ఇంట్లనే ఉన్న.”

“ఎంత మొండిదే నువ్వు!”

“పేరు పిలువు తాతా. పొద్దెక్కుతాంది.”

శంకరయ్య అందరి పేర్లూ పిలిచాడు. ఎంకయ్య పేరు పిలవలేదు. ఆమె తాడు వదలలేదు. నీళ్లు మొదట నడుము దాకా, తర్వాత రొమ్ము దాకా వచ్చాయి. ఆమె వెనకే తాడు పట్టుకున్నవాడు యాదయ్య. ఆమె తల్లి శివమ్మకు తమ్ముడు. మేడ్చల్‌లో వెల్డింగ్ రాడ్లు చేసే ఫ్యాక్టరీలో ఓవెన్ దగ్గర పనిచేస్తాడు. ఆ రోజంతా అతను ఆమెతో ఒక్క మాటే మాట్లాడాడు: “అరచేతుల గుంజకు కోడలా, నడుముతోని గుంజు.”

మధ్యాహ్నం రెండింటికి వల గట్టెక్కింది. బొచ్చెలు, రవ్వలు, అడుగున కొర్రమట్టలు. పంచే దగ్గర శంకరయ్య మళ్లీ అడ్డం చెప్పాడు. పేరు పిలవలేదు కాబట్టి ఎంకయ్య ఇంటికి వాటా లేదన్నాడు. అప్పుడు యాదయ్య ముందుకొచ్చాడు.

“నువ్వు పిలువకపోతే ఆమె లేనట్టా? దిగంగ సూసిన, ఎక్కంగ సూసిన. పొద్దటి సంది నా ముంగట్నే తాడు గుంజింది. ఒక్కపారి గూడ ఇడిషిపెట్టలే. నేను సాక్షి. ఆమె చెయ్యి తీసేస్తే నా చెయ్యి గూడ తియ్యి.”

శంకరయ్య నోట్లోని పొగాకు ఉమ్మేశాడు.

“పెట్టుర్రి. గా మొండిదానికి గూడ పెట్టుర్రి.”

గంపెడు చేపలు ఇంటికి వచ్చాయి. మాధవీలత అరచేతులు రెండూ తోలు లేచిపోయాయి. మరునాడు ఆఫీసులో పెన్ను పట్టుకోలేకపోయింది.

ఆమె ఆఫీసు నగరం వైపు ఒక పెద్ద కర్మాగారంలో ఉండేది. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన భాగాలు అక్కడ తయారయ్యేవి. మాధవీలత లోహశాస్త్రంలో డిప్లొమా చేసి 1993లో అక్కడ చేరింది. బయట నుంచి కొనే సరుకు నాణ్యత చూసే విభాగం. మూడేళ్లు బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాలు సరిచూపించారు. 1996లో సరుకును ఆమోదించే ముద్ర చేతికిచ్చి, సరుకు తయారయ్యే చోటికే వెళ్లి చూసి రమ్మన్నారు. ఆ పనికి వెళ్లిన మొదటి ఆడమనిషి ఆమే. మేడ్చల్ చుట్టుపక్కల ఉన్న చిన్న ఫ్యాక్టరీలన్నీ ఆమె వంతు వచ్చాయి, ఇల్లు దగ్గర కదా అని.

తనిఖీకి వచ్చినవాళ్లను ఫ్యాక్టరీ వాళ్లు కారెక్కించి సుచిత్ర చౌరస్తా దగ్గర హోటల్లో భోజనం పెట్టించడం అప్పటి మర్యాద. ఆమె డబ్బా తెచ్చుకునేది. ప్యాకింగ్ చేసే ఆడవాళ్లతో కూర్చుని తినేది. మొదట్లో వాళ్లు జంకారు. తర్వాత ఆమె డబ్బాలో చేపముక్క ఉందో లేదో మూత తీసి చూడటం మొదలుపెట్టారు.

యాదయ్య పనిచేసే ఫ్యాక్టరీకి మొదటిసారి వెళ్లాల్సి వచ్చినప్పుడు, అక్కడ మా మేనమామ ఉన్నాడని ఆమె కాగితం రాసి ఇచ్చింది. పై అధికారి వీరభద్రం గారు చదివి నవ్వారు. “మీ వైపు ఎవరికి ఎవరు చుట్టం కారమ్మా? వెళ్లు” అన్నారు. ఫ్యాక్టరీలో యాదయ్య ఆమెను మేడం అనేవాడు. ఆమె అతన్ని యాదయ్య గారూ అనేది. బయట రోడ్డు మీద మామా, కోడలా.

వెల్డింగ్ రాడ్డు చూడటానికి ఏమీ ఉండదు. లోపల ఇనుప తీగ, పైన మట్టిరంగు పూత. ఆ పూతలోనే పని అంతా ఉంది. పూత పచ్చిగా ఉన్నప్పుడు రాడ్లను ఒక రోజు గాలికి ఆరబెడతారు. తర్వాత ఓవెన్‌లో పేర్చి నాలుగు వందల డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడిలో పూతలోని తడి చివరి చుక్క దాకా పోవాలి. పోకపోతే ఆ తడి వెల్డులోకి వెళుతుంది. వెల్డు చేసినప్పుడు ఏమీ తెలియదు. అంతా బాగానే ఉంటుంది. మరునాడో మూడోనాడో లోపల సన్నగా పగులుతుంది. ఇంటి గేటుకు వేసిన వెల్డు పగిలితే మళ్లీ వేసుకోవచ్చు. ఈ భాగాలు ఒకసారి బిగించాక మనిషి దగ్గరికి పోలేని చోట ఉంటాయి.

అందుకే ప్రతి లోడుకూ ఒక పేజీ. ఓవెన్‌లో ఎప్పుడు పెట్టారు, ఎంత వేడి, ఎంతసేపు, ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు. కింద కాల్చిన మనిషి సంతకం. పక్కన, వేడిని యంత్రమే గీసిన గుండ్రటి కాగితం.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఆమె ఆ ఫ్యాక్టరీకి వెళ్లింది. రెండు టన్నుల రాడ్లు, నాలుగు వందల డబ్బాలు, నాలుగు లోడ్లలో కాల్చినవి. పంపిన నమూనాలు పరీక్షలో నెగ్గాయి. గుండ్రటి కాగితాలు నాలుగూ బాగున్నాయి. రిజిస్టర్ తిప్పుతూ వచ్చింది. మొదటి లోడు ఏడో తేదీ. రెండోది ఎనిమిది. మూడోది తొమ్మిది. ఉదయం ఎనిమిదిన్నరకు పెట్టారు, మధ్యాహ్నం ఒంటిగంటకు తీశారు. కింద యాదయ్య సంతకం.

ఆమె చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

ఆ సంతకం ఆమె నేర్పినదే. యాదయ్యకు చదువు రాదు. ఓవెన్ పని ఇవ్వాలంటే సంతకం రావాలన్నారని, వారం రోజులు కూర్చోబెట్టి రాయించింది.

మేనేజర్ పరమేశ్ టీ తెప్పించాడు. అతనిది సూరారం. పొద్దున స్కూటర్ మీద వస్తాడు, సాయంత్రం పోతాడు. చలాకీ మనిషి.

“ఏంది మేడం, గా పేజీ మస్తు నచ్చినట్టుంది?”

“తొమ్మిదో తారీఖు ఓవెన్ కాడ ఎవరున్నరు?”

“సంతకం ఉన్నది కద. యాదయ్య.”

“ఆయన ఆ దినం పనికి రాలే.”

“ఎవరు చెప్పిండ్రు మీకు?”

“ఎవరూ చెప్పలే. శామీర్‌పేట చెరువుల నా వెనకాల తాడు గుంజిండు. చీకటున్నప్పటి సంది రెండింటి దాక.”

పరమేశ్ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నా పెద్దవల రోజు ఒకటుందని అతనికి తెలియదు. తెలిసి ఉంటే ఆ పేజీలో ఇంకొకరి సంతకం పెట్టించేవాడు.

“మేడం, ఈ యాదయ్య సంతకం పెట్టనీకె అరగంట జేస్తడు. జర లేటయితదని సోమవారం నాడే వారానికి సరిపడా పెట్టిస్తం. అంతే. కాల్చుడు మాత్రం కరెక్టుగ కాల్చినం. చార్టు చూడుర్రి.”

“కాల్చిన మనిషిని పిలువుర్రి.”

“ఎవరో ఒకరు కాల్చిండ్రు మేడం. అందరు మనోళ్లే.”

“పేరు చెప్పుర్రి, పిలిచి మాట్లాడత.”

అతను పేరు చెప్పలేదు. ఆమె గోదాములోకి వెళ్లి మూడో లోడు డబ్బాలు చూపమంది. నాలుగు లోడ్లూ కలిపేశామన్నాడు. ఆమె ఒక డబ్బా విప్పించి రెండు రాడ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. గంటలా మోగాయి. పక్క డబ్బాలోవి కొట్టింది. అవీ మోగాయి. ఐదో డబ్బాలో రాడ్లు మోగలేదు. చెక్కను చెక్కతో కొట్టినట్టు మొద్దుగా పలికాయి. పాత వెల్డర్లు తడిని ఇలాగే కనిపెడతారు. చెవి సాక్ష్యం కాగితం మీద చెల్లదని ఆమెకు తెలుసు. డబ్బాలన్నిటికీ తాడు చుట్టించి, ఆపినట్టు చీటీ కట్టి, ముద్ర సంచిలో వేసుకుని బయటికి వచ్చింది.

ఓవెన్ దగ్గర యాదయ్య తల దించుకుని తట్టలు సర్దుతున్నాడు. ఆమె వైపు చూడలేదు.

మరునాడు పొద్దున్నే అతను ఇంటికి వచ్చాడు. శివమ్మ చాయ్ ఇచ్చింది. పట్టుకున్నాడు గాని తాగలేదు.

“అక్కా, నీ బిడ్డకు జర సమజ్ జెయ్యి. నా నౌకరి పోతది.”

“నేను నీ నౌకరి తియ్యలే మామా. పొయ్యి ఎవరు ముట్టిచ్చిండ్రు అని అడిగిన.”

“నాకేమెర్క? నేను నీ ఎనక చెరువుల ఉంటి.”

“గదే రాస్తున్న.”

“ఏమన్న ఇంకో కారణం రాయరాదె. పూత పగిలిందని రాయి, డబ్బా సొట్ట వడ్డదని రాయి. సరుకు వాపస్ పోతది, నీకూ అదే గావాలె కద. నా పేరెందుకు నడిమిట్ల?”

అది కష్టమైన మాట. పూత పగిలిందని రాస్తే అంతా సులువుగా తేలిపోతుంది. ఆమె ఆలోచించింది. ఆలోచించలేదని తర్వాత ఎప్పుడూ చెప్పుకోలేదు.

“పూత పగల్లే మామా. లేనిది నేనెట్ల రాస్త? ఆల్లు రాసినట్టు నేను గూడ రాస్తే, ఇగ ఆడికి పోవుడెందుకు?”

శివమ్మ మధ్యలోకి వచ్చింది. “వాడు సాక్ష్యం జెప్తనే గద ఇంట్లకు చేపలొచ్చినయ్. ఇంత జల్దీ మర్శినవా?”

“మర్వలే అమ్మా. మామ చెరువుల ఉన్నది అబద్ధమైతే, నేనున్నది గూడ అబద్ధమే.”

మంచం మీద నుంచి ఎంకయ్య అన్నాడు: “దాన్ని ఆపుడు నీతోని గాదు బామ్మర్ది, నాతోని గాదు. చాయ్ సల్లగైతాంది, తాగు.”

యాదయ్య తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

మే నాలుగున వీరభద్రం గారి గదిలో కూర్చున్నారు. ఫ్యాక్టరీ యజమాని జానకిరామయ్య వచ్చాడు. తెల్లచొక్కా, మెల్లని మాట. మేడ్చల్‌లో నేల కొని పదేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ పెట్టాడు. పరమేశ్ వచ్చాడు. వాళ్ల జీపులోనే యాదయ్యను కూడా తెచ్చారు. అతని ఒంటిమీద కొత్త చొక్కా, మడతలు ఇంకా పోలేదు.

వీరభద్రం గారు చెడ్డమనిషి కాదు. ఆ రాడ్ల కోసం కర్మాగారం లోపల రెండు తయారీ షాపుల్లో పని ఆగిపోయి ఉంది. పై నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి.

“అమ్మా, చార్టు ఉంది. సంతకం ఉంది. నమూనా నెగ్గింది. నీకు ఇంకేం కావాలి?”

“సంతకం పెట్టినాయన ఆ రోజు నీళ్లలో ఉన్నారు సార్.”

“అది ఏ కాగితంలో ఉంది?”

“కాగితంలో లేదు సార్. నేను చూశాను.”

జానకిరామయ్య మెల్లగా అన్నాడు. “ఇన్‌స్పెక్టర్ గారికి ఆయన స్వయానా మేనమామ అండి. కుటుంబాల్లో ఏవో ఉంటాయి. చేపల వాటాల దగ్గర గొడవ అయిందని కూడా విన్నాను. అవి మా ఫ్యాక్టరీ మీదికి తేవడం బాగుండదు.”

“చుట్టరికం సంగతి రెండేళ్ల కింద నేనే రాసి ఇచ్చాను” అంది ఆమె.

వీరభద్రం గారు ఫైలు తిప్పారు. ఆ కాగితం అందులో లేదు. మళ్లీ తిప్పారు. ఆమె కళ్లలోకి చూడకుండా ఫైలు మూసేశారు.

“యాదయ్యనే అడుగుదాం” అన్నాడు పరమేశ్. “చెప్పు యాదయ్యా. తొమ్మిదో తారీఖు ఓవెన్ కాడ ఎవరున్నరు?”

యాదయ్య నేల చూశాడు. “నేనే ఉన్న సార్.”

“అయిపోయింది” అన్నాడు పరమేశ్.

“నేను ఒకటి అడగాలి సార్” అంది మాధవీలత.

వీరభద్రం గారు చెయ్యి ఊపారు, అడగమన్నట్టు. ఆమె ఆ గదిలో మొదటిసారి అతన్ని మామా అని పిలిచింది.

“మామా. గా దినం నేను చెరువుల ఉన్ననా, లేనా?”

యాదయ్య తల ఎత్తాడు.

“గిదేం సవాలు?” అన్నాడు పరమేశ్. “ఓవెన్ సంగతి అడిగితే చెరువు సంగతేంది?”

“నువ్వు ఊకో సార్” అన్నాడు యాదయ్య. ఆ మాట తన నోట వచ్చినందుకు అతనికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. చొక్కా కాలర్ సర్దుకున్నాడు. “ఉన్నవ్.”

“ఎవరు సూసిండ్రు?”

యాదయ్య బల్ల మీది గుండ్రటి కాగితం వైపు చూశాడు.

“నేనే సూసిన. రెండు తాన్ల ఎట్లుంట సార్? ఒక్కన్నే మనిషిని. సంతకం సోమారం పెట్టిన. పెట్టుమన్నరు, పెట్టిన. బేస్తారం చెరువుకు వోయిన. తెల్లారి వస్తే ఓవెన్ ఒట్టిగ నడుస్తాంది. లోపల ఒక్క రాడు లేదు. ఎందుకు సార్ అని అడిగితే, నిన్నటి కాగితం గీయాలె, నీకెందుకు అన్నరు.”

పరమేశ్ కుర్చీలోంచి లేచాడు. జానకిరామయ్య చెయ్యి ఎత్తి అతన్ని కూర్చోబెట్టాడు. ఖాళీ ఓవెన్ నడిపి గీయించిన గీత ఆ బల్ల మీద అందరి ముందూ ఉంది. చాలా నున్నగా ఉంది.

బయట వరండాలో ఆమె యాదయ్య వెనక పరుగెత్తింది.

“మామా, ఆగు.”

అతను ఆగాడు. “నీ కోసం చెప్పిన అనుకుంటున్నవేమో. నీ కోసం చెప్పలే. అంతమంది ముంగట సాక్షి అని ఒక్కపారి అన్న. మల్ల లేదంటే శంకరయ్య నా మొకం మీద ఉమ్ముతడు. నువ్వు గది ఎర్కయ్యే అడిగినవ్.”

“ఎర్కయ్యే అడిగిన.”

“ఇగ మా గడప తొక్కకు.”

జీపు అతన్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. నగరం నుంచి శామీర్‌పేట దాకా ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు. అతను ముందు, ఆమె వెనక.

సరుకు తిరస్కరించారు. కాని ఫైలులో రాసింది వేరు: ‘మూడో లోడు రికార్డు అసంపూర్ణం.’ అబద్ధం అన్న మాట లేదు. ఖాళీ ఓవెన్ సంగతి లేదు. యాదయ్య మాట రాసుకోలేదు. ఫ్యాక్టరీ పేరు ఆమోదించిన జాబితాలో అలాగే ఉంది. అసంపూర్ణం అని రాస్తే మళ్లీ సరుకు తెప్పించుకోవచ్చు, అబద్ధం అని రాస్తే తెప్పించుకోలేము, ఇంకొకరిని వెతకడానికి ఆరు నెలలు పడుతుంది అని వీరభద్రం గారు ఆమెకు ఓపికగా చెప్పారు.

తిరస్కరించిన సరుకు మీద ఇన్‌స్పెక్టర్ ఎదుటనే ఎర్రరంగుతో గుర్తు వెయ్యాలి. లేకపోతే అది ఇంకో దారిలో తిరిగి వస్తుంది. ఆమె వెళితే ఫ్యాక్టరీలో మనుషులు ఖాళీగా లేరన్నారు. రంగు లేదన్నారు. కుంచె లేదన్నారు. మేడ్చల్ బజారుకు నడిచి వెళ్లి రెండూ కొనుక్కొచ్చింది. గోదాములో కిటికీలు లేవు. మే నెల. ఒక్కో డబ్బా మీద ఒక అడ్డగీత, దాని మీద ఇంకో గీత.

పరమేశ్ గుమ్మంలో నిలబడి చూశాడు.

“మూడో లోడు వంద డబ్బాలే కద మేడం. అన్నీ ఎందుకు ఖరాబు జేస్తుండ్రు?”

“అవి ఏవో చూపుర్రి. మిగిలినవి ఇడిషిపెడత.”

అతను చూపలేకపోయాడు. ఆమె నాలుగు వందలూ వేసింది. సాయంత్రం ఐదున్నర అయింది. ప్యాకింగ్ ఆడవాళ్లు ఇళ్లకు పోతూ అటు తొంగిచూసి పోయారు. ఒకామె మాత్రం నీళ్ల చెంబు గుమ్మం దగ్గర పెట్టి, ఎవరికీ వినపడకుండా “గట్లనే గియ్యక్కా” అని వెళ్లింది.

యాదయ్య ఆ వారమే పని పోగొట్టుకున్నాడు. దేవరయాంజాల్ దగ్గర ఒక తోటలో కొన్నాళ్లు కూలికి పోయాడు. తర్వాత చిన్నవల కొనుక్కుని చెరువుకే తిరిగాడు. మూడేళ్లు అక్క ఇంటికి రాలేదు. నాలుగో ఏట ఎంకయ్య చనిపోయినప్పుడు వచ్చి పాడె మోశాడు. మాధవీలతతో మాట్లాడాడు గాని ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆమె ముద్ర వెనక్కి తీసుకున్నారు. సమీప బంధువు ఉన్న చోట తనిఖీకి వెళ్లి నియమం తప్పిందని మెమో ఇచ్చారు. విచారం తెలుపుతూ రెండు ముక్కలు రాసి ఇస్తే మళ్లీ తనిఖీలకు పంపుతామన్నారు. రాయలేదు. రికార్డు గదిలో బల్ల వేశారు. అక్కడ దేశం నలుమూలల నుంచి వచ్చిన సర్టిఫికెట్లు కట్టలు కట్టి ఉంటాయి. ఆమె వాటిని చదువుతూ కూర్చుంది. చదవమని ఎవరూ అడగలేదు.

ఏడాదికి ఒకసారి ప్రతి ఉద్యోగీ ఒక ఫారం నింపాలి. చేసిన పని, సాధించినది, శిక్షణ. చివర ఒక గడి: ‘పరిష్కారం కాని అంశాలు ఏవైనా ఉంటే.’ చాలామంది అక్కడ ‘లేవు’ అని రాస్తారు. 1999లో మాధవీలత ఆ గడిలో ఇలా రాసింది: ‘1998 ఏప్రిల్ 9న మూడో లోడు కాల్చిన వ్యక్తి పేరు తెలియలేదు. తెలుపగలరు.’

వీరభద్రం గారు పిలిపించారు.

“ఆ సరుకే లేదు కదమ్మా. తుక్కుకు పోయింది. ఇప్పుడు పేరుతో ఏం పని?”

“రికార్డు అసంపూర్ణం అని మీరే రాశారు, పూర్తి కావాలి కదా సార్. ఆ ఫ్యాక్టరీ నుంచి ఇంకా కొంటున్నాం. ఓవెన్ అదే. మేనేజర్ ఆయనే.”

“ఇది ఇలా పైకి వెళితే నీ ప్రమోషన్ ఆగుతుంది.”

“ఆగనీయండి సార్.”

ఆయన ఆ ఫారం చాలాసేపు చేతిలో పట్టుకుని, సంతకం పెట్టి పైకి పంపారు. ఆ ఏడు ప్రమోషన్ ఆగింది. 2000లో మళ్లీ అదే రాసింది. 2001లో రాసింది. తనతో చేరినవాళ్లు ఒక మెట్టు పైకి వెళ్లారు. తర్వాత వచ్చినవాళ్లూ వెళ్లారు. క్యాంటీన్‌లో ఆమె వస్తుంటే, “అదిగో, పొయ్యి ముట్టించినోడు దొరికిండా అక్కా?” అని అరిచేవాళ్లు. “దొరకలే. నువ్వు గాదు గద?” అనేది. వీరభద్రం గారు రిటైరయ్యారు. వెళ్లేరోజు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏదో చెప్పబోయి, ఆరోగ్యం జాగ్రత్తమ్మా అని వెళ్లిపోయారు.

2007లో వీరభద్రం గారి కుర్చీలోకి శ్రీజ అనే యువ ఇంజినీరు వచ్చింది. మాధవీలత కంటే పదేళ్లు చిన్నది. ఫారాలు అప్పటికి కంప్యూటర్‌లోకి మారాయి. ఆ గడిలో అక్షరాల లెక్క ఉంది, అంతకు మించి పట్టవు. శ్రీజ ఆమెను పిలిచి, పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

“మేడం, పాత ఫైళ్లు చూశాను. ఎనిమిదేళ్లుగా ఒకే వాక్యం. ఇది తీసేస్తే ఈ ఏడు మీ ప్రమోషన్ నేను చేయించగలను. నిజంగా చెప్తున్నాను.”

“పేరు తెలిసిందా?”

“లేదు.”

“ఎవరినైనా అడిగారా?”

శ్రీజ తల అడ్డంగా ఊపింది. “ఆ ఫ్యాక్టరీకి వచ్చే నెల మళ్లీ ఆర్డరు పోతోంది.”

“అయితే ఆర్డరు పోకముందు అడగండి.”

“వాళ్లు చెప్పకపోతే?”

“చెప్పలేదని రాయండి. అది కూడా ఎక్కడా రాసి లేదు.”

శ్రీజ తెర వైపు తిరిగింది. వాక్యం గడిలో పట్టడం లేదు. చివరి మాట బయటికి పోతోంది.

“‘తెలుపగలరు’ తీసేద్దామా మేడం? పట్టడం లేదు.”

మాధవీలత కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగింది.

“వద్దు. తారీఖు అంకెల్లో కుదించండి. పడుతుంది.”